నాయినమ్మ మెడలో సవతమ్మ

తాత పోయిన పదోనాడు మా నాయినమ్మ మెడలోంచి పుస్తెలు తీశారు, చేతుల గాజులు తీశారు, కాళ్ల మట్టెలు తీశారు. సవతమ్మను మాత్రం తీయనివ్వలేదు. పుస్తెలతాడుతో పాటు దాన్ని కూడా లాగబోయిన ముసలావిడ చెయ్యి పట్టుకొని, "దాని జోలికి రాకు. నాకింక ఒక్క కొడుకే ఉన్నడు" అంది. అప్పటిదాకా ఏడుస్తున్న మనిషి గొంతు అంత గట్టిగా ఎలా మారిందో చిన్నదాన్ని, నాకు అర్థం కాలేదు. ముసలావిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. నాయినమ్మ ఆ బిళ్లను ఒక నల్లదారానికి గుచ్చుకొని మళ్లీ మెడలో వేసుకుంది.

తెలియనివాళ్లకు చెప్పాలి. మావైపు, మొదటి పెళ్లాం చనిపోయినవాడికి పిల్లనిస్తే, ఆ పోయినావిడ బొమ్మ చెక్కించిన చిన్న బంగారు బిళ్లను కొత్త పెళ్లికూతురి మెడలో కడతారు. అదే సవతమ్మ. చచ్చినావిడ కోపం కొత్త కాపురం మీద పడకుండా, ఆమెను కూడా ఇంట్లో మనిషిగా చూసుకుంటామని మాటివ్వడమన్నమాట. ఏం తెచ్చినా ముందు ఆమెకే. కొత్త చీర మడత విప్పితే ముందు ఆ బిళ్లకు తాకించాలి. పూలు తెస్తే ముందు ఆమెకు, మామిడిపండు కోస్తే మొదటి ముక్క ఆమెకు. ఏటేటా పెత్రామాసనాడు, పెద్దలందరికీ పెట్టుకునే రోజున, ఆమెకూ ఒక ఆకు, ఒక చీర. తాత మొదటి పెళ్లాం పుట్టింటికి పోయి అక్కడే గత్తర, అదే కలరా, తగిలి పోయిందట. గత్తర పీనుగ కాబట్టి ఎవరినీ చూడనివ్వలేదట. ఆమె మెడలోంచి తీసిన పుస్తెను కరిగించి తాత ఈ సవతమ్మను చేయించాడట. ఇదంతా తాత చెప్పిందే. ఇంకెవరు చెబుతారు?

పెళ్లినాటికి నాయినమ్మ ఇంకా పిల్ల. ఆ బిళ్ల మెడకు తగిలినప్పుడల్లా శవాన్ని ముట్టుకున్నట్టు ఒళ్లు జలదరించేదని నాతో చాలాసార్లు చెప్పింది. అలాగని తీసి పక్కన పెట్టే ధైర్యం లేదు. అలా భయపడుతూనే ముసలిదైంది.

మా ఇల్లు నాంపల్లిలో, స్టేషన్ రోడ్డు వెనక సందులో. తాత కచేరీ, అంటే కోర్టు, ముందర బల్ల వేసుకొని అర్జీలు రాసేవాడు. నిజాం రోజుల్లో కచేరీ భాష ఉర్దూ. తాత ఉర్దూ దస్తూరీ ముత్యాల్లా ఉండేదని వకీళ్లు కూడా మెచ్చుకునేవారట. ఇంట్లో మాకు మాత్రం దస్తూరీ కంటే ఆయన మొలతాడే బాగా గుర్తు. దానికి బియ్యం సందుగ తాళంచెవి వేలాడుతుండేది. పొద్దున అమ్మ గిన్నె పట్టుకొని ఎదురుగా నిలబడితే ఆయనే తాళం తీసి, ఆయనే కొలిచి పోసి, మళ్లీ తాళం వేసి, ఒకసారి లాగి చూసి బయటికి పోయేవాడు. మధ్యలో చుట్టాలొస్తే ఆయన వచ్చేదాకా వాళ్లకు మంచినీళ్లే. మేము పిల్లలం "ఆకలైతున్నది" అంటే, "నిన్న తినలేదా" అనేవాడు. అందుకని మా ఇంట్లో ఆ మాట ఎవరూ అనేవాళ్లు కాదు. అనకుండా ఉండడం మాకు నడక నేర్చుకున్నట్టే అలవాటైపోయింది. తాత పోయాక మా బాపు చేసిన మొదటి మంచిపని ఆ తాళం తీసి అవతల పారేయడం. చివరిది కూడా అదేనేమోనని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

బాపు కంటే ముందు నాయినమ్మకు ముగ్గురు పుట్టి పోయారు. ఒక మగపిల్లవాడు, ఒక ఆడపిల్ల, మళ్లీ ఒక మగపిల్లవాడు. ముగ్గురూ నడక వచ్చి, మాటలు వచ్చి, ఇల్లంతా తిరుగుతున్న ఈడులో పోయారు. పరామర్శకు వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట, సవతమ్మ కన్నెర్ర చేసిందని. నువ్వే ఏదో తక్కువ చేసి ఉంటావని కూడా అన్నారట, అదీ కడుపుకోతలో ఉన్న తల్లి ముందర కూర్చొని. నాయినమ్మ ఒక్కో పిల్లకూ ఒక్కో మొక్కు పెంచుకుంటూ పోయింది. మొదటివాడు పోయాక శుక్రవారాలు పట్టింది. పొద్దున లేచింది మొదలు దీపాలవేళ దాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టదు. ఆడపిల్ల పోయాక పూలు పెట్టుకోవడం మానేసింది. మూడోవాడు పోయాక ఎర్రచీర కట్టనని ఒట్టుపెట్టుకుంది. ఆ తర్వాత మా బాపు పుట్టి, బతికి బట్టకట్టాడు. ఇంకేముంది, మొక్కులు ఫలించాయన్నారు. ఇక వాటిని ఎవరు విడిపించగలరు?

నేను చదువు ముగించి గన్‌ఫౌండ్రీలో ఒక బడిలో టీచరుగా చేరిన కొత్తలో నాయినమ్మకు కడుపునొప్పి మొదలైంది. అరవైల చివరి రోజులవి. ఆబిడ్స్‌లో ఒక డాక్టరమ్మ ఉండేది, గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. నాయినమ్మను ఆమె దగ్గరికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి, చాలాసేపు ప్రశ్నలడిగింది.

"కడుపులో పుండు పడిందమ్మా. మందులిస్తాను గానీ ఖాళీ కడుపుతో ఉంటే ఏ మందూ పనిచెయ్యదు. వేళకి ఏదో ఒకటి తింటూ ఉండాలి. ఉపవాసాలూ అవీ ఏమైనా చేస్తుంటారా?"

"లేదమ్మా, గవన్ని ఎందుకుంటయ్" అంది నాయినమ్మ, కళ్లార్పకుండా.

మెట్లు దిగుతూనే అడిగాను. "డాక్టరమ్మకు అబద్ధమెందుకు చెప్పినవ్ నాయినమ్మా?"

"ఆమెకేం ఎరుక బిడ్డా. ఆమె మెడల సవతమ్మ ఉన్నదా?"

ఇంట్లో దీని మీద నాకూ ఆమెకూ పడని రోజు లేదు. శుక్రవారం వచ్చిందంటే నేను పళ్లెం తెచ్చి ముందు పెట్టడం, ఆమె జరపడం. "తింటె నా కడుపు సల్లబడ్తది. మీ బాపును ఎవలు కాపాడాలె?" అనేది. బాపుకు యాభై దగ్గర పడ్డాయి, కంట్లో మోతెబిందు పొర కూడా వచ్చింది, ఈ వయసులో ఎవరు ఎత్తుకుపోతారు అంటే, నోర్ముయ్యమని కసిరేది. మూడో రోజుకు నొప్పి ఎక్కువై మెలికలు తిరిగేది. మళ్లీ శుక్రవారం. డాక్టరమ్మ నన్ను విడిగా పిలిచి, ఇలాగే సాగితే ఆ పుండు పగులుతుందని, అప్పుడు తన చేతుల్లో ఏమీ ఉండదని చెప్పింది. నాయినమ్మ తినాలి. నాకు కావలసింది అదొక్కటే, ఆమె శుక్రవారం ఒక్క ముద్ద తినాలి.

ఆ రోజుల్లోనే మా సందు వెడల్పు చేస్తారని నోటీసు వచ్చింది. మా ముందుగది గోడ మాదేనని చూపించుకోవాలి. ఎప్పుడో ఆ గోడ గురించి పక్కింటివాళ్ల మీద తాత దావా వేసి గెలిచాడని బాపుకు తెలుసు. ఆ తీర్పు నకలు కోసం కచేరీకి పోవాల్సి వచ్చింది. బాపు ఉర్దూలోనే చదువుకున్నవాడు. కానీ ఒక కంటికి ఆపరేషన్ అయి పచ్చగుడ్డ కట్టుకొని ఉన్నాడు, రెండో కన్ను మసక. నాకేమో కళ్లున్నాయి, ఉర్దూ చదవడం రాదు. నేను బళ్లో పడేనాటికి అంతా తెలుగైపోయింది. చదవడమే రాదు గానీ, వింటే అర్థం కాకపోవడమేమిటి, నాంపల్లి కుక్కలకు కూడా ఉర్దూ అర్థమవుతుంది. బాపు చెయ్యి పట్టుకొని నడిపించడానికి నేను వెంట వెళ్లాను.

రికార్డు గదిలో గుమాస్తా దుమ్ముకు ముక్కుమీద రుమాలు కట్టుకొని ఉన్నాడు. తాత పేరు, ఆయన తండ్రి పేరు, మొహల్లా పేరు చెబితే లోపలికి పోయి చాలాసేపటికి వచ్చాడు. చేతిలో ఎర్రబట్టలో చుట్టిన కట్టలు రెండు ఉన్నాయి.

"సాబ్, మీ నాయన పేరు మీద రెండు ఎల్లినయ్. రెండిటి మీద గిదే మొహల్లా. మీకు కావాల్సింది ఏదో చూస్కోండ్రి."

"నాకు కండ్లు కనిపిస్తలేవు భాయ్. జర సదివి చెప్పు" అన్నాడు బాపు.

అందరికీ చదివి పెడుతూ కూర్చుంటే నేను తిండికి ఎప్పుడు పోవాలని గొణుక్కుంటూనే అతను పైనున్న కట్ట తాడు విప్పి, నిలబడే గడగడా చదవడం మొదలుపెట్టాడు. గోడ కేసు కాదది. ప్రతివాది మా తాత, అర్జీలు రాసే వృత్తి. వాది ఆయన భార్య. నా మొగుడు నాకు ఇడుపు కాయితం ఇస్తలేడు, ఇప్పించండి అని ఆమె మొర. మా కులంలో ఆలుమగలు విడిపోతే పెద్దమనుషుల ముందర రాసుకునే కాయితం అది. ఆ ఒక్క మాటా ఉర్దూ అక్షరాల్లో తెలుగులోనే రాసి ఉందట. గుమాస్తా అక్కడ తడబడి, "ఇడుపు... యే క్యా హై సాబ్?" అన్నాడు. అతను భుజాలు ఎగరేసి ముందుకు పోయాడు.

ఆమె చెప్పిన వాంగ్మూలం వచ్చింది. బియ్యానికి తాళం వేసి పోతాడు. వచ్చేదాకా ఉత్త నీళ్లు తాగి ఉండాలి. ఆకలికి తాళలేక పక్కింట్లో అడిగి తిన్నందుకు కట్టెతో కొట్టాడు. నన్ను మళ్లీ ఆ ఇంటికి పంపితే మూసీలో పడి చస్తాను. ఆ తర్వాత తాత జవాబు, ఆయన చేతిరాతలోనే. గుమాస్తా కాగితాన్ని కాస్త దూరంగా పట్టుకొని, "ఏం రాత సాబ్, ఇసుంటి రాత ఇప్పుడు ఎవలు రాస్తరు" అని మెచ్చుకొని మరీ చదివాడు. నా భార్యకు బియ్యం దొంగిలించే దురలవాటు ఉన్నది, అందువల్లనే తాళం వేయవలసి వచ్చినది. అంతే. ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది అదీ. తన ఇంటి బియ్యం తాను తింటే దొంగతనమట.

చివర రాజీ. పెద్దమనుషులు సాక్ష్యం చెప్పారు, తాత కాయితం ఇచ్చాడు. ఆమె చాదర్‌ఘాట్‌లో తన అన్న ఇంటికి పోతుంది, ఒకరిమీద ఒకరికి ఏ హక్కూ లేదు. ఆమె పుస్తె, మట్టెలు కచేరీలోనే తీసి ఇచ్చింది, నాకు ముట్టినవి అని తాత సంతకం. ఆమె వేలిముద్ర. సంవత్సరం కూడా చదివాడు. నాయినమ్మ పెళ్లికి ముందటేడు.

"గది గాదు భాయ్" అన్నాడు బాపు. "ఇంకోటి ఇప్పు."

రెండో కట్టలో గోడ కేసు దొరికింది. నకలుకు దరఖాస్తు పెట్టి బయటపడ్డాం. (చెప్పడం మరచిపోతానేమో, ఆ గోడ చివరికి పోనే పోయింది.) ఆబిడ్స్ దాకా ఇద్దరం నడిచాం. ఒక ఇరానీ హోటల్లో కూర్చొని చాయ్ తాగుతూ బాపు అన్నాడు.

"ఇంట్ల చెప్పకు."

"ఎందుకు చెప్పొద్దు?"

"చెప్తె ఏమొస్తది?"

"నాయినమ్మ తింటది. సచ్చిందనే గద ఆమెకు భయపడి ఉపాసముంటున్నది. సావలేదని తెలిస్తె ఇంక భయమెందుకు?"

"ఆయన పోయి ఎన్నేండ్లాయె. పోయిన మనిషిని ఇప్పుడు కచేరీల నిలబెడ్తవా?"

"మనం నిలబెట్టేదేంది బాపూ. ఆయనే నిలబడ్డడు గద."

బాపు చాయ్ సాసర్లో పోసుకొని ఊదాడు. తర్వాత గొంతు తగ్గించి, "నీకు సంబంధాలు చూస్తున్నం. మీ తాత పెండ్లాం మొగని మీద కచేరీకెక్కిందని తెలిస్తె ఎవలొస్తరు?" అన్నాడు.

"రాకపోతె మాయె."

"నా మీద ఒట్టు, చెప్పకు."

నేను ఒట్టు వేయలేదు. మా బాపు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే బాగుండేది, తిట్టుకోవడానికి సులువుగా ఉండేది. తల్లి నొప్పితో మెలికలు తిరుగుతుంటే రాత్రంతా ఆమె కాళ్లు పిసికేవాడు. తెల్లారితే తాత ఫొటో తుడిచి దండ వేసేవాడు. తల్లి కడుపా, తండ్రి పరువా అని వచ్చేసరికి పరువే బరువు తూగింది. పోయినవాడి పరువుకు ఆకలి ఉండదు, అజీర్తి ఉండదు, దాన్ని ఎంతకాలమైనా పోషించవచ్చు. నాకు ఆ రోజు బాపు మీద పుట్టిన అసహ్యం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

అయినా నేను కూడా కొన్ని వారాలు నోరు కుట్టుకొని ఉన్నాను. డాక్టరమ్మతో చెప్పి, మందులు మార్పించి, ఏదో ఒకలా నెట్టుకొద్దామనుకున్నాను. ఒక శుక్రవారం సాయంత్రం నేను బడినుంచి వచ్చేసరికి నాయినమ్మ దీపం ముందు ఒరిగిపోయి ఉంది. నేల మీద కాఫీ పొడి కలిపిన నీళ్లలా నల్లటి వాంతి. రిక్షాలో వేసుకొని దవాఖానకు పరుగెత్తాం. పుండు పగిలింది. ప్రాణం దక్కింది. ఇంకోసారి ఇలా జరిగితే దక్కదని మొహం మీదే చెప్పారు.

ఆ దవాఖాన మంచం మీద ఉండగానే మళ్లీ శుక్రవారం వచ్చింది. వార్డు ఆయమ్మ గ్లాసుతో పాలు తెచ్చి బల్ల మీద పెట్టి పోయింది. నాయినమ్మకు చెయ్యి ఎత్తే ఓపిక కూడా లేదు. ఆ చేత్తోనే గ్లాసును పక్కకు జరిపింది. నాకు ఒళ్లు మండిపోయింది. బాపు లేడు, మందులకు పోయాడు.

"నాయినమ్మా, సవతమ్మ సావలే" అన్నాను.

"ఏందే?"

"గత్తరా లేదు, గిత్తరా లేదు. తాత బియ్యానికి తాళమేస్తె, ఆకలికి ఉండలేక కచేరీకి పోయి ఇడుపు కాయితం తీస్కున్నది. చాదర్‌ఘాట్ల అన్న ఇంటికి పోయింది. నీ మెడలది పీనుగ మీది బంగారం గాదు. ఆమె బతికుండంగ తన చేత్తోని తీసి ఇచ్చింది. అంత కాయితంల ఉన్నది. నేను బాపు ఇద్దరం ఇన్నం."

నాయినమ్మ చెయ్యి మెల్లగా మెడ దగ్గరికి పోయి ఆ బిళ్లను పట్టుకుంది. నేను ఏడుస్తుందనుకున్నాను, లేదా నన్ను తిడుతుందనుకున్నాను.

"తాళమేసెనంటనా?" అంది.

"ఔ."

"గట్లనే రాసున్నదా?"

"ఔ."

"నాకు గూడ ఏసె గద బిడ్డా" అంది. "కచేరీకి పోవచ్చని నాకు ఎవలు చెప్పలే."

నేను పాల గ్లాసు తీసుకొని దగ్గరికి జరిగాను. నిజం చెప్పాను కదా, ఇక తాగుతుందని అనుకున్నాను. ఎంత తెలివైనదాన్నో.

"మరి నా పిల్లలను ఎవలు తీస్కపోయిన్రు?" అంది.

ఇన్నేళ్లూ ఆమెకు ఒక జవాబు ఉండేది. తప్పో ఒప్పో, మెడలో వేసుకొని తిరగడానికి ఒకటి ఉండేది. దాన్ని నేను లాగేసుకున్నానని అప్పుడు తెలిసింది. అయినా లాగాల్సిందే. ఇప్పటికీ నాది అదే మాట.

"నడిపిదానికి, నా ఆడపిల్లకు, జరమొచ్చి ఒళ్లు పెనం లెక్క కాలవట్టె" అని నాయినమ్మ మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. "ఎదురింటామె వచ్చి, దవాఖానకు తీస్కపోండ్రి, మా పిల్లగానికి గాడనే తగ్గింది అన్నది. నేను చెప్పులు గూడ ఏస్కున్న. మీ తాత తలుపుల నిలబడి, ఇది సవతమ్మ పని, దవాఖానతోని తగ్గేది గాదు, కూసొని మొక్కుకో అన్నడు. మొక్కిన. నా మెడల బిళ్లను కడిగి ఆ నీళ్లు దానికి తాపిన. నా ఒళ్లెనే సల్లబడ్డది."

నా చెయ్యి పట్టుకొని అడిగింది.

"గప్పుడు ఆయనకు ఎరికేనా? ఆమె బతికున్నదని?"

తెలియదని చెప్పవచ్చు. మా ఇంట్లో అలా చెప్పడం ఎవరికీ కష్టం కాదు. నాకు మాత్రం ఆ ఇంటి అబద్ధాలు గొంతుదాకా వచ్చి ఉన్నాయి.

"ఎరికే నాయినమ్మా" అన్నాను.

ఆమె నా చెయ్యి వదిలేసి గోడవైపు తిరిగి పడుకుంది. ఆ పాలు ఆ రోజు తాగలేదు. ఆయమ్మ వచ్చి తిట్టుకుంటూ గ్లాసు తీసుకుపోయింది.

బాపు వచ్చేసరికి నాయినమ్మ మెడలో బిళ్ల లేదు. దారంతో సహా తీసి తలగడ పక్కన పెట్టింది. బాపు దాన్ని చూశాడు, నన్ను చూశాడు. నేనే చెప్పానని చెప్పాను. ఆ తర్వాత చాలారోజులు ఆయన నాతో మాట్లాడలేదు. పోతే పోయె అనుకున్నాను, మాట్లాడి మాత్రం ఏం చెప్పేవాడు.

ఇంటికి వచ్చాక నాయినమ్మ మందులు వేసుకునేది, గంజి పోస్తే తాగేది, ఎవరైనా పెడితే తినేది. పెట్టకపోతే అడిగేది కాదు. శుక్రవారమని లేదు, మంగళవారమని లేదు, అన్ని రోజులూ ఒకటే. చాదర్‌ఘాట్ మా ఇంటినుంచి రిక్షాలో పోయేంత దూరం. ఆమె ఉందో పోయిందో కనుక్కొని రానా అని ఒకసారి అడిగాను.

"వద్దు. గామెనన్న నిమ్మళంగ ఉండనియ్యి" అంది. "ఇన్నేండ్లు నా పిల్లలను తిన్నదని ఆమెను తిట్టుకున్న. ఏం మొఖం పెట్టుకొని పోవాలె." తాత గురించి మాత్రం ఒక్కమాట కూడా అనలేదు. ఫొటో ఉన్న గదిలోకి పోకుండా తిరిగేది.

ఇంతలో పెత్రామాస వచ్చింది. ఆ రోజు పెద్దలకు పెట్టుకునేదాకా ఇంట్లో పిల్లలు తప్ప ఎవరూ ముద్ద ముట్టకూడదు. ముందుగదిలో తాత ఫొటో కింద ఆకులు వేసి, వండినవన్నీ వడ్డించి, కొత్తబట్టలు పెట్టి, బాపు సాంబ్రాణి వేసి మొక్కుతాడు. ఆ తర్వాతే మా తిండ్లు. ఎప్పుడూ తాతకు పెద్దాకు వేసేవాళ్లం. ఆయన అమ్మానాన్నలకు చెరొకటి, సవతమ్మకొకటి, పోయిన పిల్లలు ముగ్గురికీ కలిపి మూలన ఒక చిన్న ఆకు.

ఆ రోజు నాయినమ్మ పొద్దున్నే లేచి తలస్నానం చేసి, వద్దన్నా వినకుండా తనే పొయ్యి దగ్గర కూర్చుంది. పప్పు, గుమ్మడికాయ కూర, గారెలు, బెల్లమన్నం చేసింది. ముందుగదిలోకి తనే వెళ్లి ఆకులు వేసింది. పిల్లలకు విడివిడిగా మూడు పెద్దాకులు, ఫొటో కింద సరిగ్గా నడిమధ్యలో. ఒక్కో ఆకు దగ్గర కాసేపు ఆగి, ఆ పిల్లకు ఇష్టమైనదేదో గుర్తు తెచ్చుకున్నట్టు వడ్డించింది. అత్తమామలకు పక్కన చెరొకటి వేసింది. ఆకులు అయిపోయాయి.

బాపు తడిపంచెతో సాంబ్రాణి పట్టుకొని వచ్చి చూశాడు. ఆకులు లెక్క చూసుకున్నాడు.

"నాయనకేదమ్మా?"

"ఎవలకు?"

"నాయనకు."

"ఆయన ఈడ లేడు" అంది నాయినమ్మ, పప్పు గిన్నె కింద పెడుతూ. "కచేరీల ఉన్నడట గద. నువ్వు పోయి కలిసి గూడ వచ్చినవట. గాడికే పోయి పెట్టిరా."

ఇన్నేళ్లలో ఆమె తాతను ఒక్క మాట అనడం నేను వినడం అదే మొదలు. గుమ్మంలో నిలబడ్డ మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాయినమ్మ ఇంకొక ఆకు తీసుకుంది. సవతమ్మకనుకున్నాను. ఆ ఆకును పిల్లల ఆకుల పక్కన వేసి, నీళ్లు చల్లి, దాని ముందు తనే కూర్చుంది. అన్నం పెట్టుకుంది, పప్పు పోసుకుంది, కలిపింది.

"అమ్మా, పెద్దలకు ఇంకా మొక్కలే" అన్నాడు బాపు. "ఇప్పుడే ఎట్ల తింటవ్?"

నాయినమ్మ ముద్ద నోటిదాకా తీసుకెళ్లి ఆగింది. తలెత్తి, బాపును కాదు, ఆయన వెనక గోడ మీది ఫొటోను చూసింది.

"నాకు ఆకలైతున్నది" అంది.

ఆ ముద్ద తిని, ఇంకొకటి కలిపింది. తింటుంటే కళ్లనుంచి నీళ్లు కారి ఆకులో పడుతున్నాయి, తుడుచుకోలేదు. "ఇంకింత పెట్టు బిడ్డా" అంది నాతో. నేను లోపలికి పోయి అన్నం గిన్నె మొత్తం తెచ్చి ఆమె ముందు పెట్టాను. బాపు సాంబ్రాణి పట్టుకొని ఆ ఫొటో కింద అలాగే నిలబడి ఉన్నాడు.